పాత కారు, పసుపు రాయి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయన పాత కారు కొంటానన్నాడు. నందికొట్కూరు దగ్గర పల్లె మాది. చుట్టుపక్కల ఎవరికీ కారు లేదు. షోకు కోసం కాదు లెండి. అంతకు రెండేళ్ళ ముందు నొప్పులతో ఉన్న నన్ను ఎద్దుల బండిలో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఎంత తట్టినా ఏడవలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇప్పుడు మళ్ళీ నాకు ఏడో నెల.

"ఈసారి ఎద్దుల బండి కట్టేది ల్యా. కారే," అన్నాడాయన. డోన్‌లో ఒక లారీ డ్రైవరు దగ్గర పది రోజులుండి తోలడం నేర్చుకొచ్చాడు. పది రోజులు! కోడెకు కాడి అలవాటు చేయడానికి కూడా చాలవు. నాకు ఎద్దుల బండంటే ఎంత భయమో, కారంటే అంతకు రెండింతలు.

కారు బనగానపల్లెలో ఉంది. భర్త పోయిన ఒక ముసలావిడ దాన్ని అమ్ముతోంది. "నువ్వు ఎక్కి కూచుంటేనే కొంటా," అని మా ఆయన నన్ను కూడా వెంటబెట్టుకుపోయాడు.

రేకుల పంచ కింద ఉంది. నల్లది, చిన్నది. ముందు ఇద్దరు, వెనక ముడుచుకుంటే ఇంకో ఇద్దరు. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదట. ఇవన్నీ మా ఆయన చూసుకున్నాడు. నా కళ్ళు మాత్రం వెనక చక్రం దగ్గరే ఆగిపోయాయి. చక్రానికి ఆనుకుని టెంకాయంత రాయి ఒకటి. ఏళ్ళ తరబడి పసుపు పూసి పూసి పెచ్చు కట్టింది. దాని మీద కుంకుమ బొట్లు.

ముసలావిడ ఆ రాయిని గుడ్డలో చుట్టి నా చేతికే ఇవ్వబోయింది. "ఇది బండితోనే ఉండల్లమ్మా. మా ఆయన యాడికి పోయినా ఇది లేకుండా పొయ్యేటోడు కాదు. ఆయుధపూజకు బండితో పాటు దీనికీ పసుపు పూస్తాండె. ఎందుకో నాకు తెల్దు."

ఇంకో ఇంటి దేవతను ఎవరైనా తెచ్చుకుంటారా? ఆమెకు ఏ మొక్కులున్నాయో, ఏది తక్కువైతే ఏం చేస్తుందో! అందులోనూ కడుపుతో ఉన్నదాన్ని. వెనక్కు జరిగి, "వద్దవ్వా, మీ ఇంటి దేవత మీ ఇంట్లోనే ఉండనీ," అన్నాను. మా ఆయన కూడా అవునని తలాడించాడు. లోకమంతా తనకే తెలుసనుకునే మనిషికి అనుమానమే రాలేదు. రాయిని పంచలో ఓ మూల భద్రంగా పెట్టించి, దండం పెట్టుకుని బయల్దేరాం.

పాణ్యం దాటేదాకా నేను కళ్ళు తెరవలేదు. తెరిచేసరికి ఎగువ, రోడ్డు పైకెక్కుతోంది. రోడ్డుకు ఒక పక్క రాళ్ళగుట్ట, ఇంకో పక్క లోతైన వంక. కారు సగం ఎక్కి, ముందునుంచి ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. "నీళ్ళు పొయ్యల్ల. కదలాకు," అని ఆయన చేతి బ్రేకు లాగి, నీళ్ళ డబ్బాతో దిగాడు. ముందుకెళ్ళి మూత తిప్పుతున్నాడు. ఆయన ముఖం మెల్లగా నాకు దూరమవుతోంది. మొదట నాకు అర్థం కాలేదు. కదులుతున్నది ఆయన కాదు, నేను.

కేక పెట్టానో లేదో కూడా గుర్తు లేదు. తలుపు లాగాను, రాలేదు. కడుపును రెండు చేతులా పట్టుకున్నాను. దేవుడా, ఈ బిడ్డ కూడానా! ఆయన డబ్బా పారేసి వెనక్కు పరుగెత్తాడు. కారుకు వీపు ఆనించి, రోడ్డుకు కాళ్ళు తన్నిపెట్టాడు. కారు ఆయన్ను కొంతదూరం ఈడ్చుకుపోయి నిలిచింది.

"దిగు! నేను దిగిన పక్కనుంచి దిగు! చక్రానికి రాయి పెట్టు, రాయి!"

స్టీరింగుకూ నా కడుపుకూ మధ్య సందే లేదు. ఎట్లా దూరానో, ఎట్లా దిగానో. గుట్ట కింద చేతికందిన రాయి ఎత్తుకొచ్చి వెనక చక్రం కింద తోశాను. ఆయన భయంభయంగా వీపు తీశాడు. కారు కదల్లేదు. ఆయన రోడ్డు మీదే కూలబడ్డాడు. చొక్కా వీపంతా చినిగిపోయింది. ఇద్దరం ఆ రాయినే చూస్తూ ఉండిపోయాం.

"ఆయమ్మ ఇయ్యబోయింది దేవత కాదు," అన్నాడాయన. "బ్రేకు."

నాకు నవ్వు రాలేదు. ఇంటికి పోగానే కారు అమ్మేయమని ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. "మల్లా ఎద్దుల బండేనా?" అని ఒక్క మాట అడిగాడు. లేచి అన్నం వడ్డించుకున్నాను. గుట్ట కింద దొరికిన ఆ రాయిని ఆయన కారులోనే వేసుకొచ్చాడు. నేనే దానికి పసుపు పూసి సీటు కింద పెట్టాను.

నొప్పులొచ్చిన పొద్దున, కారెక్కగానే రాయిని నా ఒళ్ళో పెట్టమన్నాను. కర్నూలు దాకా దాన్ని వాటేసుకునే ఉన్నాను. ఎగువ వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను. ఆసుపత్రిలో నర్సు తీసుకోబోతే ఇవ్వలేదు. "ఏ దేవుడమ్మా ఇది?" అంది. చెప్పే ఓపిక లేదు. పక్కలో పెట్టుకుని, ఒక చెయ్యి దాని మీదే ఉంచాను. బిడ్డ బయటపడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. రాయిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చింది, కేరుకేరుమని. అప్పుడు వదిలాను.

కబురు చెప్పడానికి నర్సు పోతే ఆయన వరండాలో లేడట. ఆసుపత్రి ముందున్న వాలులో, కారుకు వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నిలబడి ఉన్నాడట, పొద్దున్నుంచీ.

"ఈ సీమలో రాళ్ళకు కరువొచ్చిందా? ఇంకో రాయి పెట్టుకోలేకపోతిరా?" అన్నాను, లోపలికి రాగానే.

ఆయన బిడ్డ కోసం చేతులు చాచాడు. "తోచల్యా," అన్నాడు. "మన రాయి నీ దగ్గరుండె గదా."