డబల్ పిల్లలు

పొద్దున మా అబ్బాయి ఇంగ్లీషు నోట్సులో "డబుల్, ట్విన్, పెయిర్" అని రాసుకుంటుంటే మా బాపు గుర్తొచ్చాడు. గోదావరిఖని బొగ్గుగనుల క్వార్టర్లలో పెరిగిన మిత్రులారా, మీకూ గుర్తుందా? మన బాపులకు రెండున్న ప్రతిదీ డబలే. డబల్ డ్యూటీ, సైకిల్ మీద డబల్ సవారీ.

ఐదో తరగతిలో నన్నూ, నాతోపాటు పుట్టిన చెల్లెల్నీ కొత్త బడిలో చేర్పించడానికి బాపు నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. క్లాసు గుమ్మంలో నిలబడి, "ఇద్దరు నా పిల్లలే మేడం, డబల్ పిల్లలు," అన్నాడు గర్వంగా. క్లాసంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వి, "డబల్ కాదు, ట్విన్స్ అనాలె. నీకేం తెల్వది బాపూ," అన్నాను. చెల్లెలు మాత్రం నవ్వకుండా బాపు చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాడు.

"నాతోని నీ ఇజ్జత్ పోయిందా బిడ్డా?"

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాను.

పదో తరగతి అయ్యేదాకా బాపు మళ్లీ మా బడికి రాలేదు. రమ్మని నేను ఒక్కసారి కూడా అడగలేదు.