రుచి చూసే వదిన

ఆమె ఉద్యోగం సంగతి వింటే ఎవరికైనా నోరూరుతుంది. షర్బత్ కంపెనీలో రుచి చూడటం. రోజంతా చెంచాతో చప్పరించడం, ఉమ్మేయడం, నిమ్మ తగ్గిందనో తీపి ఎక్కువైందనో తేల్చేయడం. ఆమె తల ఊపితేనే సీసాకు మూత పడుతుంది. అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాసననీ రుచినీ మూటగట్టుకుపోయింది. కాఫీ తాగితే వేడినీళ్లు, అన్నం తింటే దూది. సెలవు అయిపోవచ్చింది. సోమవారం అందరి ముందూ చెంచా అందుకోవాలి. తప్పితే, సీసాలకు కాగితాలు అంటించే గదికి పంపిస్తారు. 

శనివారం సాయంత్రం మరిది రమ్ము సీసాతో దిగాడు.

"వదినా, నీ నాలుకని నేను లేపుతా చూడు."

గుడ్డు ఉడకబెట్టడం కూడా చేతకాని ఆ మహానుభావుడు జామ్ సీసాలో రమ్ము, నిమ్మరసం, పంచదార పోసి గిలక్కొట్టాడు. ఆమె ఒక గుక్క తాగింది. గొంతు మండింది, అంతే.

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

రెండోసారి నారింజరసం కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చాడు.

"చల్లగా ఉంది."

"అది థర్మామీటర్ చెప్పే మాట వదినా!"

ఆమె నవ్వబోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె భర్త మాత్రం గ్లాసు గ్లాసుకీ "అద్భుతంరా" అంటూనే ఉన్నాడు. ఊరికే వస్తే ఆయనకు ఏదైనా అద్భుతమే.

మూడోది రమ్ములో అల్లం, సోడా. ట్రేలో ఉన్న ఐసంతా అందులోనే గుమ్మరించాడు. ఆమెకు ఆశ చచ్చిపోయింది. ఐసు సగం కరిగేదాకా చూస్తూ కూర్చుని, కుర్రాడి మనసు నొప్పించడం ఎందుకని గ్లాసు ఎత్తింది. ఒక్క గుక్క. మరుక్షణం సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది.

"ఛీ! వెల్లుల్లి కంపు!"

"నాకేం తెలీలేదే, బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు భర్త.

మరిది ఫ్రిజ్ తెరిచాడు. పైఅరలో ఐసు ట్రే పక్కనే వెల్లుల్లి ముద్ద గిన్నె, మూత లేకుండా. వాసనంతా ఐసుకు పట్టేసింది.

"అన్నయ్యా, ఇది నీ పనేనా?"

ఆయన ఫ్యాను కేసి చూడటం మొదలుపెట్టాడు.

ఆమెకు ఈ గొడవేదీ వినపడటం లేదు. గ్లాసులో ముక్కు పెట్టి కళ్లు మూసుకుంది. ముందు వెల్లుల్లి. దాని కింద అల్లం. ఇంకా అడుగున రమ్ములోని మాడిన పంచదార వాసన. ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

మరిది మొహం మాడ్చుకున్నాడు. "సరేలే వదినా, ఇటివ్వు. పారబోసి మంచిది కలుపుతాను."

ఆమె గ్లాసును రెండు చేతులా గుండెలకు అదుముకుంది.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. నా ఉద్యోగం ఉంది ఇందులో!"