పట్టా దాకా పాత చైన్‌తోనే

నాకు డిగ్రీ వచ్చేసింది! మా ఇంట్లో ఇంతకుముందు కాలేజీ గడప తొక్కినవాళ్లే లేరు. పట్టా తీసుకున్న ఆ ఉదయం గడిచి వారం దాటినా ఇంకా కలలోనే ఉన్నట్టుంది. గాలికి ఎగిరే నల్ల గౌను, కాళ్ల కింద మెత్తగా తిరిగే చైన్ చప్పుడు.

అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి కాలేజీకి నాలుగేళ్లూ సైకిల్ మీదే వెళ్లాను. నాన్న గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. అమ్మ ఇండియన్ స్టోర్‌లో చపాతీలు చేస్తుంది. ఉన్న ఒక్క కారూ వాళ్ల షిఫ్టులకే సరిపోయేది. మొదటి దసరాకి అమ్మ సైకిల్‌కి బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, నన్నడక్కుండానే మొక్కేసుకుంది.

"తల్లీ, దీని చదువు ఒడ్డెక్కించు. ఈ సైకిల్ మీదే వెళ్లి పట్టా తీసుకుంటుంది."

చలికాలం ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు చైన్‌ని తినేస్తుంది. క్యాంపస్‌లో సైకిళ్లు బాగుచేసే అమ్మాయి ఒకసారి చెప్పింది: ముందు అరిగేది చైనే. దాన్ని వేళకి మారిస్తే వెనక పళ్లచక్రాలు రెండు మూడు చైన్లు మారేదాకా వస్తాయి, పెడల్ దగ్గరి చక్రం ఇంకా ఎక్కువ కాలం. మార్చకపోతే సాగిన చైన్ ఆ పళ్లని కూడా తనతో పాటు అరగదీస్తుంది. నేను తలూపి వచ్చేశాను. సైకిల్ నడుస్తూనే ఉంది. రైల్వే బ్రిడ్జి ఎక్కుతూ, పాఠాలు నెమరేసుకుంటూ, నేనూ తొక్కుతూనే ఉన్నాను.

పట్టా తీసుకునే రోజుకి ముందు సాయంత్రం, బాల్కనీలో సైకిల్ తుడుస్తున్న అమ్మ ఆగిపోయింది.

"శుభమా అని వెళ్తూ ఈ తుప్పు గొలుసేంటే? నీకేమో కొత్త చీర, దీనికి పాతదా? ఏవండీ, కొత్తది తెచ్చెయ్యండి."

నాన్న తెచ్చారు. ఫోన్‌లో వీడియో చూస్తూ బిగించారు. అమ్మ దానికి పసుపు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

తెల్లారి పార్కింగ్ లాట్‌లో తొక్కి చూశాను. గట్టిగా తొక్కగానే చైన్ టక్కుమని పళ్ల మీంచి జారింది. ఇంకోసారి తొక్కితే మళ్లీ టక్కు. అరిగిన పళ్లని కొత్త చైన్ పట్టుకోవడం లేదు. ఆ పళ్లూ మార్చాలంటే, సైకిల్ షాపు తెరిచేసరికి నా పేరు పిలిచేస్తారు.

"కార్‌లో దింపేస్తాలేమ్మా," అన్నారు నాన్న. "అమ్మవారు అర్థం చేసుకుంటుంది."

"ఆవిడ చేసుకుంటుందండీ. నా వల్లే కాదు," అంది అమ్మ. "ఇది మంచులో తొక్కుకుంటూ వెళ్లిన ప్రతిసారీ ఆ మొక్కు పట్టుకునే కదా కూర్చున్నాను."

"పాత చైన్ పారేశారా?" అన్నాను.

నాన్న నవ్వారు. "మీ అమ్మా? పెరుగు డబ్బానే పారెయ్యదు!"

అది వంటింట్లో వడియాల గుడ్డ మీద ఉంది, గిన్నెల సబ్బుతో తోమి ఆరబెట్టి.

"కరివేపాకు కుండీ వేలాడదీద్దామనీ..." అని అమ్మ నసిగింది.

నాన్న దాన్ని మళ్లీ ఎక్కించి, గ్రీజు పట్టించారు. తొక్కాను. చైనూ పళ్లూ ఇన్నేళ్లూ కలిసే అరిగాయి కదా, ఒక్క టక్కు కూడా లేదు.

గౌను నడుం దగ్గర దోపుకుని బయల్దేరాను. వెనకే మా కారు, లైట్లు మిణుకుమిణుకుమంటూ నడకలా వస్తోంది. కిటికీలోంచి అమ్మ అరుస్తోంది: "నెమ్మదే! ఆ టోపీ పట్టుకో!" బ్రిడ్జి మీద మేపుల్ చెట్ల రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ రాలుతున్నాయి. కిందనుంచి షికాగో రైలు వెళ్లింది. ఆ ఊపులో నేను తొక్కుతున్నానో తేలుతున్నానో తెలియలేదు.

కాలేజీ గేటు దగ్గర కారు దిగి అమ్మ పరుగున వచ్చింది. నన్ను కావలించుకోలేదు. వంగి చైన్‌ని తాకి, రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

అందుకే, పట్టాతో నేనున్న ప్రతి ఫొటోలోనూ పక్కన అమ్మ కళ్లకి ఇంత మందాన నల్లటి గ్రీజు. తుడుచుకోమంటే వినలేదు.