లిలువా నుంచి కాళీఘాట్ అవతలికి: రెండింటిలోపు ఒక కాయితం కోసం

మా అక్క కూతురు లావణ్యకి ఇరవై ఒక్కేళ్లు. రెండు పొట్లాల బ్రౌన్ షుగర్ అనే మత్తుపొడితో హౌరా టికియాపారాలో పోలీసులకి దొరికి, ఇరవై రోజులు జైల్లో ఉండి వచ్చింది. బెయిలిస్తూ జడ్జిగారు ఒక షరతు పెట్టారు. మత్తు మాన్పించే కేంద్రం ఏదైనా పిల్లని చేర్చుకున్నట్టు కాయితం ఇవ్వాలి, గడువు రోజు మధ్యాహ్నం రెండింటికల్లా అది కోర్టుకి చేరాలి, లేదంటే మళ్లీ లోపలికే. హౌరా వైపు మేం వాకబు చేసిన ప్రతిచోటా మగవాళ్లకే అన్నారు. ఆడపిల్లలు రోజూ ఇంటి నుంచి వచ్చి వైద్యం చేయించుకునే చోటు కలకత్తాలో కాళీఘాట్ అవతల ఉందని వకీలు చెప్పేసరికి మాకు మిగిలింది ఒక్క రోజు. మాలాగా వెతుక్కునేవాళ్లు ఉంటారని ఈ దారి రాస్తున్నాను.

హౌరా పక్కన లిలువాలో మా తెలుగువాళ్లకి ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. అందుకే పిల్లకి కామెర్లని చెప్పుకొచ్చాం. గడువు రోజు పొద్దున నేను దానికి తలంటు పోసి, కొత్త చుడీదార్ వేసి, జడలో పూలు కూడా పెట్టాను. కాయితం ఇచ్చేవాళ్లకి మంచింటి పిల్లలా కనబడాలని నా తాపత్రయం! తొమ్మిదీ ఐదు లోకల్‌కి ఐదేసి రూపాయల టికెట్లు తీసుకుని పావుగంటలో హౌరా చేరాం. అక్కడ మెట్రో ఎక్కి, ఎస్ప్లనేడ్‌లో లైన్ మారి, పదింటికి కాళీఘాట్‌లో దిగాం.

"పిన్నీ, ఆళ్లు ఏటడుగుతారు?" అంది లావణ్య.

"ఏటడిగినా నువ్వు మాటాడకు. నాను చెప్తాను."

ఆటో అతను "హాస్పిటలా దీదీ?" అని మామూలుగానే అడిగాడు. "కాదు దాదా, చుట్టాలిల్లు" అని, సిగ్గుపడి రెండు సందుల ముందే దిగిపోయాను. దాంతో దారి తప్పి అరగంట తిరిగాం. కొత్తవాళ్లని పదకొండు దాకానే చూస్తారు. మేం గుమ్మం ఎక్కేసరికి పది నిమిషాలే ఉంది.

కళ్లజోడు పెట్టుకున్న డాక్టరమ్మ ఫారం తీసి, "ఎన్నాళ్లుగా అలవాటు?" అని హిందీలో అడిగింది.

"అబ్బే, మా పిల్ల అలాంటిది కాదండీ. ఎవడో దీని సంచిలో పెట్టాడు" అన్నాను.

ఆవిడ లావణ్య జడ వైపు చూసి కలం మూసేసింది. "అలవాటే లేకపోతే వైద్యం దేనికి? చేర్చుకున్నానని ఎలా రాసివ్వను?"

అప్పుడే టీ పట్టుకొచ్చిన వంటామె నా హిందీలో యాస పట్టి తెలుగులో, "ఏటమ్మా, మనోళ్లేనా? మేం ఇక్కడే వాట్‌గంజ్‌లో ఉంటాం. పిల్లకేటయింది?" అంది. నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "కామెర్లు."

"కామెర్లకి ఇక్కడికెవరొస్తారు తల్లీ?" అందామె, నవ్వకుండా.

లావణ్య రెండు చేతులూ బల్లమీద పెట్టింది. ఆ పొడి కాల్చి కాల్చి వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. "రెండేళ్లు, దీదీ. రోజూ" అంది బెంగాలీలో. "నిన్న కూడా కావాలనిపించింది. నన్ను చేర్చుకోండి." తర్వాత నా వైపు తిరిగి, "మంచిదాన్నని చెప్పి నన్ను జైలుకి పంపీసేలా ఉన్నావు పిన్నీ" అంది.

ఏడుపు ఆపుకోలేకపోయాను. డాక్టరమ్మ కలం మళ్లీ తెరిచింది. పరీక్షలయ్యి కాయితం చేతికొచ్చేసరికి పన్నెండూ యాభై. మెట్రోలో హౌరా మైదాన్ దాకా నిలబడే వచ్చి, ఒకటీ నలభైకి ఆ పక్కనే ఉన్న కోర్టులో వకీలు చేతిలో పెట్టాం. జడ్జిగారు చదివి, రోజూ వెళ్లాలన్నారు. పిల్ల నాతోపాటు ఇంటికొచ్చింది.

గండం గడిచిందని అనుకోను. కేసుంది, ఆ పొడి అమ్మేవాడు అదే వీధిలో ఉన్నాడు, పిల్ల బాత్రూంలో కాస్త ఆలస్యం చేస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. మర్నాడు స్టేషన్లో పక్కింటావిడ "కామెర్లు తగ్గినాయా?" అంది. "కామెర్లు కాదు వదినా, మత్తుమందు. మాన్పించడానికి తీసుకెళ్తన్నాను" అన్నాను. ఆవిడ బెంచీ మీద జరిగి మా ఇద్దరికీ చోటిచ్చింది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఆధార్, ఫొటోలు, కోర్టు కాయితం అన్నీ సంచిలో పెట్టుకోండి, అడిగినప్పుడు నిజం చెప్పండి. మేం ఆ ఒక్కటే ఇంట్లో వదిలేసి వెళ్లాం.