గడప దాటని ఉడుము

మా చిన్నప్పుడు... గూడూరు దగ్గర మా ఊళ్లో, వాన వెలిసిన ఒక పొద్దున పెంటకుప్ప మీద అది తల ఎత్తి నిలబడింది. మూరెడు పొడవు, ముడతల మెడ, రెండుగా చీలిన నాలుక. నన్ను చూసి పెరటి గోడ ఎక్కి, అడవి వైపు దిగిపోయింది. చూసింది నేనొక్కణ్ణే. నాకు ఏడేళ్లు.

పెదనాయినకు చెప్పాను. "నాలుక చీలి ఉన్నదా? అయితే ఉడుమే" అన్నాడు. ఆయన చూపు మా ఇంటి దూలాల మీదికి పోయింది... పంపకాల్లో ఆ ఇల్లు మా బాపు పాలికి రావడం ఆయన ఏనాడూ ఓర్వలేదు.

మా వైపు ఉడుము జొరబడిన ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టేవారు. పొయ్యి వెలిగించకూడదు, ఎవరూ పడుకోకూడదు.

సాయంత్రం పదిమంది ముందు పెదనాయిన నా భుజం పట్టుకున్నాడు. "గడప దాటి లోపటికి వచ్చింది గదరా?"

వేళ్లు ఎముకలోకి దిగాయి. తల ఊపాను.

"పోరడు తొండను సూసిండో ఏమో బావా! ఇరవై దినాల బాలింతను, ఎటు వోవాలె?" అంది అమ్మ.

"పానం ముఖ్యమా, ఇల్లు ముఖ్యమా? నువ్వే జెప్పు" అన్నాడు పెదనాయిన. బాపు లేచి, చీపురు పట్టుకుని పశువుల కొట్టం ఊడ్వడానికి పోయాడు.

పశువుల కొట్టంలోకి మారాం. కప్పు కారేది... చెల్లె ఆ వానాకాలం దాటలేదు.

కోతలయ్యాక మా ఇంటి నిండా పెదనాయిన వడ్లు. అమ్మ నిలదీస్తే, "మనుషులు ఉండొద్దు గని, వడ్లకేం దోషం?" అన్నాడు. ఆరు నెలలు గడిచినా వడ్లు కదలలేదు. మేమే ఊరు కదిలాం.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఎలుకలు, గుడ్లు వెతుక్కుంటూ తిరిగే జీవి అది, మన ఇళ్లతో దానికి పనిలేదని తెలిసింది. ఆ చదువు చెల్లెకు ఏం పనికొచ్చింది?

మొన్న ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపింది పెదనాయిన మునిమనుమడు. మా ఇంటినే కొత్తగా కట్టారు గానీ, గడప పాతదే. గుర్తుపట్టాను. దాని మీద అది.

"తాతా, గిదేంది? మొసలి పిల్లనా? ఇంట్ల పసిపిల్ల ఉన్నది, పరేషాన్ అయితున్నం."

నాలుక చూశాను. "ఉడుము. విషం ఉండదు. జోలికి పోకండి, అదే పోతుంది" అని రాశాను.

కాసేపటికి ఇంకోటి. "పోయింది తాతా. అవ్వేమో ఇల్లు పాడువెట్టాలె అంటున్నది. నువ్వు సదువుకున్నోనివి, నువ్వు జెప్తే ఇంటది. పాడువెట్టాల్నా?"

మూడు రోజులైంది. 'వద్దు' అని రాయబోతే చెల్లె గుర్తొస్తుంది, 'పాడుపెట్టండి' అని రాయబోతే వాళ్ల పసిపిల్ల. ఇంకా జవాబు రాయలేదు... బయట వాన పడుతూనే ఉంది.

ఆ రోజుల్లో ఉడుము కనబడితే పెద్దవాళ్లు తమకు కావలసింది పిల్లల చేత చెప్పించేవారు. ఇప్పుడు పిల్లలు ముసలివాళ్లను అడుగుతున్నారు. మారింది అంతే.

మీ చిన్నప్పుడు మీచేత ఎవరైనా ఇలా తల ఊపించారా? రాయండి... చదువుతాను.