మధ్య సీసా

మొన్న వానలు మొదలైన రోజున మా తమ్ముడి కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని నూజివీడులో మా ఇంటికి వచ్చి, తెర మీద నా పాత చేతిరాతను చూపించింది. ఆ పిల్ల ఇంజనీరు. మా వాగు ఏటా ఎంత మట్టిని, ఇసుకను మోసుకొస్తుందో, దిగువనున్న రిజర్వాయరు ఇంకా ఎన్నాళ్ళు పనికొస్తుందో కంప్యూటర్లో లెక్క కట్టే పని ఆమెకు అప్పగించారట. దానికి ఆధారం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన రిజిస్టర్లే. అంకెలు ఎంత శుభ్రంగా ఉన్నాయో అని ఆ పిల్ల మురిసిపోతుంటే నేను తెర మీంచి చూపు తిప్పుకున్నాను.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వాగు వంతెన పక్కన నీటి ఎత్తు తెలిపే గీతల పలక ఒకటి ఉండేది. వానాకాలమంతా దాని దగ్గర గొడుగేసుకుని నిలబడే మనిషిని నేనే. ఇనప చట్రంలో బిగించిన సీసాను వంతెన మీంచి తాడుతో నీళ్ళలోకి దింపి, ఎడమ ఒడ్డున ఒకటి, మధ్యన ఒకటి, కుడి ఒడ్డున ఒకటి నింపి, చీటీలు అంటించి, ఆ నీళ్ళను వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి, చిన్న త్రాసులో తూచి రాయాలి. తాడు పట్టడానికి ఒకావిడ తోడుండేది. వేసవిలో ఆగిరిపల్లి తోటల్లో కూలికి వెళ్ళేది, వానల్లో నా దగ్గరికి వచ్చేది. తొలకరి రోజుల్లో చివరి కాపు చిన్న రసాల మామిడిపండ్లు కొంగున కట్టుకొచ్చి ఇచ్చేది. ఆ తీపి ఇప్పటి పండ్లలో ఎక్కడుంది లెండి, అది వేరే కథ.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. నీళ్ళు అంబలిలా చిక్కగా, ఎర్రగా ఉన్నాయి. ఒక మామిడి చెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి వంతెన స్తంభానికి తగిలితే నా కాళ్ళ కింద వంతెన రాళ్ళు కదిలాయి. ఆవిడ మాత్రం తాడు నడుముకి చుట్టుకుని, "మధ్యకి పోదాం రండి బాబుగారూ, నేను పట్టుకుంటాను కదండీ" అంది. నాకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. అడుగు ముందుకు పడలేదు. ఆవిడను కూడా వెనక్కి పిలిచి, మూడు సీసాలూ ఒడ్డునే నింపి, ఒకదానికి 'మధ్య' అని చీటీ అంటించాను. ఒడ్డున నీరు నెమ్మదిస్తుంది, అక్కడ మెత్తటి ఒండ్రే ఉంటుంది. బరువైన ఇసుకంతా మధ్య వడిలో, అడుగున పోతుంది, అదీ చాలా భాగం అలాంటి వరద రోజుల్లోనే. ఇదంతా నాకు నేర్పారు, తెలిసే చేశాను. మూడు తూకాలూ చక్కగా కలిశాయని పై అధికారి భుజం తట్టాడు. ఇంకేముంది, ఆ తర్వాత ప్రతి వరదకీ నా మధ్య సీసా ఒడ్డునే నిండింది.

ఆ అంకెలు చూసుకునే దిగువన రిజర్వాయరు కట్టారు. పూడిక తక్కువే కాబట్టి కట్టకి ఇప్పుడున్న ఎత్తు చాలనుకున్నారు. కట్ట కింద పేటలో తోట కూలీల ఇళ్ళున్నాయి, తాడు పట్టినావిడ ఇల్లూ అక్కడే. కంప్యూటరు కూడా నా అంకెలను నమ్మి ఇంకో తరం దాకా బెంగ లేదంటోందట. నేను మాత్రం ఈ వేసవిలో ఆ రిజర్వాయరు నడిబొడ్డున ఇసుక మేట మీద గేదెలు పడుకుని ఉండటం కళ్ళారా చూశాను.

రెండు రోజులు తటపటాయించాను. ఈ వయసులో పరువు పోతుందని ఒక భయం, బయట వాన వదలడం లేదని ఇంకో భయం. చివరికి పిల్లని పిలిచి చెప్పేశాను. తిట్టలేదు, తిడితే బాగుండేది. వరద రోజుల అంకెలన్నీ పక్కన పెట్టి, మేటను దగ్గరుండి కొలిపించుకొచ్చి మళ్ళీ లెక్క కట్టింది. తెర నా వైపు తిప్పి, "పెదనాన్నా, అలాంటి వరద ఇంకొకటి వస్తే నీళ్ళు కట్ట మీద నుంచి పోతాయి" అంది. ఆ పూటే పైవాళ్ళకి రాసింది. కాగితం కదులుతోందంటున్నారు.

నేను ఆగలేక ఆటో ఎక్కి పేటకి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నేను చేసిన పని, దాని ఫలితం దాచకుండా చెప్పాను. "ఆ రోజు మధ్యకి పోయుంటే ఇద్దరం ఉండేవాళ్ళం కాదేమోనండీ" అని నవ్వింది. నా మొహం చూసి ఆ నవ్వు ఆపేసింది. "ఇంతకీ ఏ వానకి పోద్దండీ ఈ కట్ట?" అని అడిగింది. అది కంప్యూటరుకీ తెలియదన్నాను. హనుమాన్ జంక్షన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపొమ్మని బతిమాలాను. ఆ ఇరుకు గదిలో మేకలని ఎక్కడ కట్టెయ్యమంటారండీ అంది.

మన చిన్నప్పుడు వాగు వచ్చే విస్సన్నపేట వైపు మబ్బు కమ్మితే జనం పనులు వదిలి వీధిలోకొచ్చి సంబరంగా చూసేవారు. అప్పుడు గుట్టల వాలులో తుప్పలుండేవి, వాన పడ్డా మట్టి ఉన్నచోటే ఉండేది. ఇప్పుడు వాటిని పొక్లెయిన్లతో చదును చేసి కొత్త తోటలు వేశారు, వాగు ఎర్రబడటానికి చిన్న జల్లు చాలు. ఆ సంబరం ఎటు పోయిందో గానీ, ఆ దిక్కున మబ్బు కనబడితే నేను వాకిట్లో నుంచే ఆవిడకి ఫోన్ చేస్తాను. ఆవిడ ఎత్తి, నీళ్ళు ఇంకా కట్ట దాటలేదండీ అని చెప్పేదాకా నా ప్రాణం కుదుటపడదు.