మ్యూజియం నెత్తినెక్కిన గొర్లు

కొలనుగట్టు మ్యూజియంలో ఏ రాయి ఏ రాజు కాలానిదో చెప్పే పుస్తకాలు మూడున్నాయి. మూడూ చదివాను. ఆ రాళ్ల మీద ఇరవై రెండేళ్లు దుమ్ము దులిపిన బీరన్న పేరు ఒక్కదాంట్లోనూ లేదు. రాజులకు రాసేవాళ్లు దొరుకుతూనే ఉంటారు కాబట్టి నేను బీరన్న గురించి రాస్తున్నాను.

నార్కట్‌పల్లి దాటి నల్గొండ వైపు వస్తుంటే కుడిచేతి గుట్ట కింద నిజాం కాలం నాటి డాక్ బంగళా ఒకటి ఉండేది. చుట్టుపక్కల మెట్టచెలకల్లో దొరికిన, చచ్చిన వీరుల బొమ్మలు చెక్కిన వీరగల్లులు, ముక్కుపోయిన నందులు, తలలేని జైనులు అన్నిటినీ అందులో చేర్చి మ్యూజియం అన్నారు. రోజుకు పదిమంది వస్తే గొప్ప. అందులో ఆరుగురు నీడ కోసం వచ్చినవాళ్లు. ఏడోవాణ్ని నేను, అక్కడి బీరువాలో ఎవరూ ముట్టని పుస్తకాల కోసం.

బీరన్న కుర్మ. తాత గొర్లు కాశాడు, తండ్రి గొర్లు కాశాడు, ఇతను రాళ్లు కాయడానికి కుదిరాడు.

"గొర్లకన్న రాళ్లే నయం తమ్మీ. తప్పిపోవు, రోగం రాదు, ఈనవు" అనేవాడు నాతో.

రాళ్లు గట్టివే గాని ఉద్యోగం గట్టిది కాదు. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడితేనే మరో ఏడాది. యాభై ఆరేళ్ల వయసులో, ఒక మోకాలు వంగనివాడికి వేరే పని ఎవరిస్తారు? ఆ కాగితమే బీరన్నకు అన్నం.

తెలంగాణ వచ్చిన ఏడెనిమిదేళ్లకు పైవాళ్లకు మా రాళ్లు హఠాత్తుగా ముద్దొచ్చాయి. డాక్ బంగళా పక్కన కొత్త భవనం మొదలైంది. ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ మేడమ్, భవనం నేలలోంచి మొలిచినట్టుండాలని చెప్పింది. నిజంగానే దాని కప్పు ఒక కొసన నేలను తాకి, మెల్లగా ఏటవాలుగా మూడంతస్తుల ఎత్తు లేచింది. కప్పంతా మట్టి పోసి గడ్డి పెంచారు. మా ఊరివాళ్లకు అది వాన నీళ్లకు ఒక పక్క కుంగిన గుడిసెలా కనబడింది. అంత చదువు చదివి కట్టింది కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

ఎదురుగానే ‘శిల’ అని ఒక పెద్ద హోటల్ వెలసింది. భోంచేస్తూ ఆ పచ్చటి కప్పును చూడడానికి గోడంత అద్దం పెట్టారు. జొన్నరొట్టెను అరచేతిలో సగమంత చేసి, నల్లరాతి పలక మీద ఒక్కటే పెట్టి, పక్కన ఎర్రకారం చుక్క వేసి ఇచ్చేవారు. మా అవ్వ చూసి ఉంటే, పిల్లలు బువ్వాట ఆడుకుంటున్నారనుకునేది.

అసలు చిక్కు గడ్డితో వచ్చింది. ప్రారంభోత్సవం జులై చివర్లో. జూన్ సగానికి వచ్చేసరికి గడ్డి పసుపుపచ్చగా మారింది. తెచ్చిన మందులన్నీ చల్లినా లేవలేదు. మ్యూజియం అధికారి పరమేష్ సారు బీరన్నను పిలిచాడు.

"బీరన్నా, ఓపెనింగ్ నాటికి గడ్డి పచ్చగుండాలె. లేకుంటే నీ కాంట్రాక్టు గిక్కడికే."

"సార్, నా డ్యూటీ రాళ్లు గద. గడ్డి నాకెట్లొచ్చింది?"

"రాళ్ల మీదనే గద గడ్డి ఉంది."

ఆ తర్కానికి జవాబు నేను చదివిన పుస్తకాల్లో కూడా లేదు.

బీరన్న ఇంటికి పోయి మంచంలో కూలబడ్డాడు. సంగతి విని భార్య అమృతమ్మ చీపురు పక్కన పడేసింది.

"కుర్మోళ్ల ఇంట్ల పుట్టి, గడ్డికి ఏం గావాల్నో సర్కారోళ్లను అడుగుతున్నవా? మా అన్నకు ఫోన్ జెయ్."

మా దిక్కు చేను నీరసపడితే గొర్ల మందను తోలుకొచ్చి అందులోనే ఆపుతారు. మూడు పూటలు మంద కూర్చుంటే చేను మూడేళ్లు గుర్తుంచుకుంటుంది. కానీ మ్యూజియం నెత్తిన మందనా? బీరన్నకు ఆ అనుమానమూ వచ్చింది. వచ్చి, గేటు దగ్గరి పెద్ద బోర్డు చూశాడు. కట్టకముందే మేడమ్ గీయించిన రంగుల బొమ్మ అది. అందులో పచ్చటి కప్పు అంచున నాలుగు తెల్ల గొర్రెలు మేస్తున్నాయి. ఇంకేం కావాలి? బొమ్మలో ఉంది, అంటే మంజూరైంది.

మరమ్మతులకని మ్యూజియం ఆవరణంతా మూసిన మూడు రోజులూ చూసుకుని, బావమరిది సోమన్న రెండొందల నల్లగొర్లతో దిగాడు.

"బావా, కొట్టం మీద గొర్లను ఎక్కిచ్చుడు మా తాత గూడ జూడలే" అన్నాడు కిందినుంచి పైకి చూస్తూ.

"మీ తాతకు ఆర్కిటెక్ట్ లేకుండె. తోలు."

మంద నేల కొసనుంచి ఎక్కి నిమ్మళంగా శిఖరం దాకా పోయింది. ఎండిన గడ్డిని మొదలంటా కొరికింది. తిన్నదంతా పెంటికలుగా అక్కడే అప్పజెప్పింది. రెండో రోజు సన్నటి తుంపర పడి, ఆ వాసన లేచి రోడ్డు దాటింది.

మూడో రోజు మధ్యాహ్నం ‘శిల’లో పెద్దలకు రుచి చూపే విందు. పొగలో మగ్గించిన గొర్రెపిల్ల మాంసం బల్ల మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే సోమన్న పొట్టేలు ఒకటి కప్పు అంచుకొచ్చి, అద్దంలోంచి ఆ పళ్లేల వైపు చూస్తూ నిలబడింది. ఎంత తరిమినా కదల్లేదట. ఒకావిడ చెంచా కింద పెట్టేసింది. మిగతావాళ్లు ముక్కులు మూసుకున్నారు.

పరమేష్ సారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్నడిగి ఎక్కిచ్చినవ్ రా?"

"బొమ్మల ఉన్నయ్ గద సార్."

"అవి బొమ్మ గొర్లురా!"

"అవును సార్, గందుకే గంత తెల్లగున్నయ్. మన దిక్కు గట్లాంటివి దొరకయ్. నల్లయే తెచ్చిన."

ఆ సాయంత్రమే బీరన్న ఉద్యోగం ఊడింది. నున్నగా గొరిగిన నల్లకప్పు కింద నిలబడి తాళాలు అప్పగించాడు. ‘వానమొగులు మీద నమ్మకముంచుండ్రి’ అన్నాడట. అది వినే తీరిక సారుకు లేదు.

మొగులు మాట నిలబెట్టుకుంది. జులైలో వారం రోజులు ముసురు పట్టింది. ప్రారంభం నాటికి కప్పు చిలకపచ్చగా తేలింది. మేడమ్ చేతులు చాచి, తన ఊహలో ఉన్నది ఈ పచ్చదనమే అంది. ప్రత్యేక సేంద్రియ పద్ధతి అని పరమేష్ సారు వివరించాడు. శాలువా ఆయనకే కప్పారు. బీరన్న గేటు బయట, సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టిన కొత్త కాపలాదారు ఆపినచోటే నిలబడి చూశాడు.

కానీ మంద ఎరువు తిన్న గడ్డి శాలువాతో ఆగదు. ఆగస్టుకల్లా మోకాలెత్తు పెరిగింది. కోసే యంత్రాన్ని ఆ వాలు మీదికి ఎక్కిస్తే రెండుసార్లు దొర్లుకుంటూ కిందికొచ్చింది. మూడోసారి ఎక్కేవాడు దొరకలేదు. గడ్డిలో పాము కనబడిందని ‘శిల’ నుంచి ఫిర్యాదు వచ్చింది. పరమేష్ సారు ఈసారి చెప్పులేసుకునే బీరన్న ఇంటికి వచ్చాడు.

"బీరన్నా, మీ బావమరిది గొర్లు... ఓ నలభై..."

బీరన్న మంచం మీదినుంచి లేవలేదు. "ఎక్కిస్త సార్. నా నౌకరి నాకియ్యాలె. ఏడాది కాగితం గాదు, ఐదేండ్లది. గొర్లకు వాసనుంటది, ఆ సంగతి హోటలోళ్లకు నువ్వే చెప్పుకో."

కాపలాదారు పోస్టు అప్పటికే ఏజెన్సీకి పోయింది. గొర్లను పెట్టుకోవడానికి ఏ జీవోలోనూ దారి లేదు. చివరికి సారే ఉపాయం పన్నాడు. ఫైల్లో ‘గడ్డి కత్తిరించే యంత్రాలు, నలభై’ అని రాశాడు. ‘యంత్రాల ఆపరేటర్: కె. బీరన్న, ఐదేళ్లకు.’

మొన్న హైదరాబాద్ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. కళ్లద్దాలు, చేతిలో పట్టిక. యంత్రాలు ఎక్కడున్నాయని అడిగాడు. పరమేష్ సారు బీరన్న వైపు చూశాడు.

బీరన్న రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. కప్పు అవతలి వాలు నుంచి యంత్రాలన్నీ అరుచుకుంటూ దిగివచ్చి తనిఖీకి వచ్చినాయన చుట్టూ నిలబడ్డాయి.

ఆయన చాలాసేపు లెక్కపెట్టాడు. "ఇక్కడ నలభై అని ఉంది. నలభై రెండు ఉన్నాయేం?"

"రెండు యంత్రాలు ఈనినయ్ సార్" అన్నాడు బీరన్న. "రాసుకోండ్రి."